చిరునామాల్లో చదివిన ఊళ్ళు

సంపాదకులు గారికి,
నమస్కారములు.

మీ పత్రికలో వారానికొకసారి వచ్చే పెద్దవారి పేజీని నేను విడవకుండా చదువుతాను. రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, వీలునామా, పింఛను, తీర్థయాత్రల ప్యాకేజీలు, ఇవన్నీ అవసరమైన విషయాలే. వాటిలో కొన్నింటిని కత్తిరించి దాచుకున్నాను కూడా. అయితే ఆ పేజీ చదివి మడిచిన ప్రతిసారీ ఒక వెలితి కనబడుతుంది. పెద్దవారు జబ్బు పడకుండా ఎలా ఉండాలో అందులో ఉంటుంది కానీ, జబ్బు లేకుండా దక్కిన ఆ రోజును ఏం చేసుకోవాలో ఉండదు. ఆ వెలితి గురించే ఈ జాబు. పొడవు ఎక్కువైతే మన్నించి, వీలైతే పూర్తిగా ప్రచురించమని కోరుతున్నాను.

నేను రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా 1976లో చేరి 2013లో పదవీ విరమణ చేశాను. ఆ ఉద్యోగం ఎలాంటిదో ఈ తరం వారికి తెలిసే అవకాశం తక్కువ కనుక రెండు మాటలు చెప్పవలసి ఉంది. ఆ రోజుల్లో రాత్రి నడిచే రైళ్ళకు తపాలా పెట్టె ఒకటి తగిలించి ఉండేది. దాని గోడ పొడవునా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడికి ఒక్కో ఊరి పేరు. సంచి విప్పి, కట్టల తాళ్ళు తెంపి, బండి ఎంత ఊగుతున్నా నిలబడే ఒక్కొక్క ఉత్తరాన్నీ దాని గడిలో వేయాలి. దిగవలసిన స్టేషను వచ్చే లోగా ఆ ఊరి ఉత్తరాలను మళ్ళీ కట్ట కట్టి, సంచిలో వేసి, మూతికి సీలు వేసి సిద్ధంగా పెట్టాలి. కిటికీలోంచి బయటకు చూసే తీరిక ఉండేది కాదు, చూసినా చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆ విధంగా విజయవాడ మద్రాసు దారిలో నేను ఎన్ని వందల రాత్రులు తిరిగానో లెక్క లేదు, ఆ దారిలోని ఊళ్ళను మాత్రం పగటి వెలుగులో చూసింది లేదు.

పేర్లు మాత్రం నిద్రలో అడిగినా చెప్పగలిగేవాణ్ణి. కలువాయి, చేజర్ల, దుత్తలూరు, జలదంకి, విడవలూరు, సైదాపురం. అనుమసముద్రంపేటను ఏ.ఎస్.పేట అనీ, తోటపల్లిగూడూరును టి.పి.గూడూరు అనీ కొందరు రాస్తే, రెండు రకాలూ ఒకే గడిలోకి చేరాలని చేతికే తెలిసిపోయేది. మా కోవూరుకు రావలసిన ఉత్తరం గోదావరి ఒడ్డున ఉన్న కొవ్వూరుకు పోవడం, అక్కడిది ఇక్కడికి రావడం తరచుగా జరిగేది, ఎందుకంటే ఇంగ్లీషులో రాస్తే ఆ రెండు పేర్లకూ ఒక్క అక్షరమే తేడా. 1972 ఆగస్టు 15న పిన్ కోడు ప్రవేశపెట్టిన తరువాత, దానిని శ్రద్ధగా రాసిన వారి ఉత్తరాలకు ఆ బెడద తప్పింది. 524తో మొదలైతే నెల్లూరు వైపు, 534తో మొదలైతే పశ్చిమ గోదావరి వైపు. అంచులకు పసుపు పూసిన శుభలేఖలు, సైన్యంలో ఉన్న కొడుకులు రాసిన కవర్లు, మూడు వాక్యాల కార్డులు నా వేళ్ళ మధ్య నుంచి ఆ ఊళ్ళకు వెళ్ళాయి. నేను మాత్రం వెళ్ళలేదు.

పదవీ విరమణ తరువాత మొదటి ఆరేళ్ళ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉదయం కాఫీ, పత్రిక, పార్కులో నాలుగు చుట్లు, భోజనం, నిద్ర, సాయంత్రం టీవీ, రాత్రి మాత్రలు. కష్టం లేదు, లోటు లేదు. కానీ 2016లో జరిగిన ఒక్క రోజును గుర్తు చేసుకుందామని కూర్చుంటే ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. మా పనిలో ప్రతి సంచి చీటీ మీదా తేదీ ముద్ర ఉండేది, ముద్ర లేని చీటీని ఎవరూ ఒప్పుకునేవారు కాదు. నా జీవితంలో ఆ ఆరేళ్ళూ ముద్ర పడకుండానే వెళ్ళిపోయాయి. ఇది ఎందరి అనుభవమో నేను పార్కు బల్లల మీద కూర్చుని విన్నాను కనుకనే బహిరంగంగా రాస్తున్నాను.

2019లో ఒక ఉదయం మా బావమరిదిని బస్సు ఎక్కించడానికి నెల్లూరు ఆర్టీసీ బస్టాండుకు వెళ్ళాను. ఆయన బస్సు కదిలి వెళ్ళిన తరువాత, పక్కన నిలిచి ఉన్న బస్సు ముందు బోర్డు చూశాను. వింజమూరు. నా చేతులతో ఎన్ని వేల ఉత్తరాలు ఆ పేరున్న గడిలో వేశానో! ఆ ఊరు ఎలా ఉంటుంది? గుట్టలున్నాయా, చెరువుందా, తపాలా కార్యాలయం ఏ వీధిలో ఉంది? ముప్పై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా రాని ప్రశ్నలు ఆ నిమిషంలో వచ్చాయి. ఇంటికి ఫోన్ చేసి మధ్యాహ్నం భోజనానికి రానని చెప్పి ఎక్కి కూర్చున్నాను.

“యాడికి పెద్దాయనా?” అని అడిగాడు కండక్టరు.

“వింజమూరుకు నాయనా.”

“ఎవురింటికి?”

“ఎవరింటికీ కాదు. ఊరు చూద్దామని.”

ఆ అబ్బాయి నా ముఖం ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా టికెట్టు ఇచ్చి, కిటికీ పక్క సీటు చూపించాడు. బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటిన తరువాత పైర్ల పచ్చదనం పలచబడి మెట్ట నేలలు మొదలయ్యాయి. వింజమూరులో దిగి, అడుగుతూ అడుగుతూ తపాలా కార్యాలయానికి వెళ్ళాను. “మీ ఊరి గడిలో ఉత్తరాలు వేసినవాణ్ణి, ఊరు చూడడానికి వచ్చాను” అని చెబితే, ఆ పోస్టుమాస్టరు లేచి నిలబడి కుర్చీ వేశారు. టీ తెప్పించారు. ఇప్పుడు వచ్చేవన్నీ బ్యాంకు కాగితాలు, ఆధార్ కార్డులే కానీ చేతిరాత ఉత్తరం కనబడి చాలా కాలమైందని అక్కడి పోస్టుమ్యాన్ చెప్పాడు. ఒక గంట కూర్చుని, చెరువు కట్ట మీద కొంచెం దూరం నడిచి, చీకటి పడేసరికి ఇల్లు చేరాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నా భార్యకు చెప్పవలసిన మాటలు ఎన్ని ఉన్నాయో చెప్పలేను. ఆరేళ్ళలో అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

కరోనా కాలం మినహాయిస్తే, అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో ఒక ఊరి చొప్పున ఇప్పటికి 31 ఊళ్ళు చూశాను. నాకు 72 ఏళ్ళు.

ఈ వయసులో సాహసం అనే మాట వాడితే ఇంట్లో వారు భయపడతారు. కొండలెక్కడం, నదులు ఈదడం నేను చెప్పడం లేదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు, తిరిగి వచ్చి ఏం చెబుతామో మనకే తెలియకపోతే అది సాహసమే అని నేను నమ్ముతున్నాను. పార్కులో నాలుగు చుట్లు తిరిగి వచ్చేవాడికి తాను ఏం చెబుతాడో ముందే తెలుసు. ఆ నడక మందు వంటిది, మానకూడదు, నేనూ మానలేదు. తీర్థయాత్రల ప్యాకేజీలో కూడా ఎక్కడ ఫలహారం, ఎక్కడ దర్శనం, ఎక్కడ బస అన్నీ ముందే అచ్చువేసి ఇస్తారు. వెళ్ళేవారి భక్తిని నేను తక్కువ చేయడం లేదు, కానీ పెద్దవారికి ఇక యాత్ర తప్ప వేరే ప్రయాణం లేదని అందరూ అనుకోవడం సరికాదు.

ఉదయగిరి వెళ్ళిన రోజును చెబుతాను. నెల్లూరు నుంచి జిల్లాలో పడమటి కొసకు ప్రయాణం. ఊరి మీదికి వంగినట్టుండే ఆ కొండను బస్సులోంచే చూసి, ఎక్కలేనని తెలిసి, కింద ఒక అరుగు మీద కూర్చుని తల ఎత్తి చూశాను. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడనీ, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడనీ చదివి ఉన్నాను. కింద నుంచి ఆ గోడల వరుసలు చూసిన తరువాత, అంత కాలం ఎందుకు పట్టిందో చరిత్ర పుస్తకం లేకుండానే అర్థమైంది. ఆ తరువాత చెక్క గరిటెలు, చెంచాలు చేసే వీధికి వెళ్ళాను. నర్ది వంటి అడవి చెక్కను బాడిసెతో చెక్కి, ఆకురాయితో రుద్ది, ఒక చెంచాను పూర్తి చేసే వరకు ఒక ఇంటి ముందు కూర్చున్నాను. ఆ ఇంటి ఇల్లాలు మొదట నన్ను వ్యాపారి అనుకున్నది, తరువాత అధికారి అనుకున్నది, ఊరికే చూడడానికి వచ్చానని నమ్మడానికి ఆమెకు అరగంట పట్టింది. నమ్మిన తరువాత ఉలి నా చేతికిచ్చి, కాడ మీద రెండు గీతలు గీయమన్నది. నేను గీసిన గీతలు వంకరగా వచ్చాయి. ఆ చెంచానే కొనుక్కుని వచ్చాను, ఇప్పుడు మా ఉప్పు జాడీలో ఉంది.

మైపాడు నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్లు. అక్కడికి పిల్లలతో ఆదివారాలు వెళ్ళి, అలల్లో కాళ్ళు తడుపుకుని, బజ్జీలు తిని వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఒక మామూలు బుధవారం ఉదయం ఇందుకూరుపేట మీదుగా వెళ్ళే మొదటి బస్సుల్లో ఒకటి ఎక్కి వెళితే అది వేరే మైపాడు. మొదటిసారి అలా వెళ్ళింది మే నెలలో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక, పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. తాటాకు పాక నీడన నాకంటే పెద్దవాడైన ఒక మత్స్యకారుడు వల కంతలు పూడుస్తున్నాడు. ఏ చేపకు ఏ కన్ను వల వాడతారో, కన్ను ఎంత ఉంటే ఏది తప్పించుకుంటుందో ఆయన చెబుతూ ఉంటే, ఆయనకు నా గళ్ళ బీరువా గురించి చెప్పాలనిపించి చెప్పాను. “అయితే నీదీ వలేనన్న మాట” అన్నాడు ఆయన. నా ఉద్యోగం గురించి ఇంతవరకు ఎవరూ అంత సరిగా చెప్పలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు ఒడ్డు నుంచి అలివి వల లాగుతున్నారు. వల ఒక కొస తాడు ఒడ్డునే ఉంచి, పడవలో వలను సముద్రంలోకి అర్ధచంద్రాకారంగా వదులుతూ పోయి, రెండో కొసను దూరంగా ఒడ్డుకు తెస్తారు. ఆ తరువాత రెండు జట్లుగా నిలబడి రెండు తాళ్ళూ లాగుతూ, క్రమంగా ఒకరికొకరు దగ్గరవుతారు. అనుమతి అడిగి నేనూ తాడు పట్టుకున్నాను. నా బలం వారికి ఏ పాటి ఉపయోగపడిందో నాకు తెలుసు, అయినా నన్ను పక్కకు జరగమని ఎవరూ అనలేదు. పావుగంటకే అరచేతులు మండాయి. వల ఒడ్డుకు చేరినప్పుడు దాని సంచిలో ఏముంటుందో లాగిన వారికీ తెలియదు, అందరూ ఒక్కసారిగా ముందుకు వంగారు, నేనూ వంగాను. ఆ రోజు ఎక్కువగా కవళ్ళు పడ్డాయి. తాడు పట్టినందుకు నా వంతు అని రెండు గుప్పిళ్ళు నా సంచిలో వేశారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో పచ్చిమామిడి ముక్కలు వేసి పులుసు పెట్టారు, మా నెల్లూరి అలవాటు ప్రకారం మరునాడు తిన్నాం.

ఇవన్నీ మగవారికే సాధ్యమని ఎవరైనా అంటారేమో, నా భార్య సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట రొట్టెల పండుగకు ఆమె బారాషహీద్ దర్గాకు వెళ్ళింది. మొహర్రం నెలలో జరిగే ఆ పండుగలో స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె పంచుతారు, అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇలా ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. అరవై దాటిన వారు సాధారణంగా ఆరోగ్య రొట్టె కోసం వెతుకుతారు. ఆమె చదువు రొట్టె తీసుకున్నది. ఎవరి కోసం అమ్మా, మనవడి కోసమా అని ఇచ్చిన అమ్మాయి అడిగితే, నా కోసమేనని చెప్పింది. మా వీధి చివర ఉండే ఒక ముస్లిం సోదరిని ఆపా అని పిలుస్తూ, రోజూ మధ్యాహ్నం ఒక గంట ఆమె దగ్గర ఉర్దూ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. కుడి నుంచి ఎడమకు రాయడానికే నెల పట్టింది. ఇప్పుడు కోటమిట్ట వైపు వెళితే దుకాణాల బోర్డుల దగ్గర ఆగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. మొదట చదివిన మాట దుకాన్ అట. అది మన దుకాణమే కదా అని ఆ రోజంతా సంతోషపడింది. మనం ఉత్తరాన్ని జాబు అంటున్నామే, ఆ మాట కూడా వారి జవాబు నుంచే వచ్చిందని ఒక సాయంత్రం నాకు చెప్పింది. 37 ఏళ్ళు జాబుల మధ్య నిలబడినా నాకు ఆ సంగతి తెలియదు. మరుసటి ఏడాది ఆమె పంచడానికి రొట్టెలు చేసుకుని వెళ్ళింది.

ఇల్లు కదలలేని వారికి కూడా మా జిల్లాలో ఆకాశం ఉంది. శ్రీహరికోట మాకు గాలిదారిన 80 కిలోమీటర్లకు కొంచెం పైగా దూరం. 2025 జనవరి 29 ఉదయం 6 గంటల 23 నిమిషాలకు అక్కడి నుంచి నూరవ ప్రయోగం జరిగినప్పుడు మా మిద్దె మీద పక్కింటి పిల్లలతో కలిసి నిలబడ్డాం. ఇంకా సూర్యుడు రాలేదు. ఆగ్నేయ దిక్కున ఒక నిప్పుబొట్టు లేచి, చూస్తూ ఉండగానే పైకి వంగి, దాని వెనుక పొగ బారు మాకంటే ముందుగా ఎండను అందుకుని మెరిసింది. శబ్దం మన దాకా రావడానికి నాలుగు నిమిషాలు పడుతుందని పిల్లలకు చెప్పి, గడియారం చూస్తూ అందరం మాట్లాడకుండా నిలబడ్డాం. ఏమీ వినిపించలేదు. అయినా ఆ నాలుగు నిమిషాల నిశ్శబ్దం గురించి ఆ పిల్లలు ఇప్పటికీ అడుగుతూ ఉంటారు.

సొంత వీధిలో కూడా తెలియనివి ఉంటాయి. మూలాపేట వేణుగోపాలస్వామి గుడి ముందు నుంచి చిన్నతనం నుంచి నడిచాను. అందులోకి హరిజనులకు ప్రవేశం కోసం పొట్టి శ్రీరాములు గారు 1946లో నిరాహార దీక్ష చేశారన్న సంగతి నాకు 69వ ఏట, ఒక గ్రంథాలయంలో ఏదో వెతుకుతూ ఉంటే తెలిసింది. ఆ సాయంత్రం ఆ గుడి ముందు చాలాసేపు నిలబడ్డాను. అలాగే పెన్నలో ఈ రోజు నీరు ఎంత ఉందో చూసి రావడం కూడా ఒక పనే. వట్టి ఇసుకగా కనిపించే అదే నది 2021 నవంబరులో పొంగి, నేను రాత్రుళ్ళు లెక్కలేనన్నిసార్లు దాటిన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టనే కోసుకుపోయింది.

జాగ్రత్తల సంగతి దాచను. వరికుంటపాడు వెళ్ళిన రోజు ఒక పెద్దమనిషితో పాత రోజుల మాటల్లో పడి ఆఖరి బస్సు పోగొట్టుకున్నాను. తప్పు పూర్తిగా నాదే. ఫోన్‌లో చార్జి లేదు. చివరకు ఒక పాల వ్యాను వారు ఎక్కించుకుని, బస్సు దొరికే చోట దింపితే, ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఆమె బాధలో న్యాయం ఉంది. ఆ రోజు నుంచి తిరుగు బస్సు వేళ ముందుగా కనుక్కుంటాను, ఇంటి నంబరు, వేసుకునే మాత్రల పేర్లు రాసిన కాగితం చొక్కా జేబులో ఉంచుతాను, షుగరు పడిపోతే వేసుకోవడానికి చక్కెర పొట్లం, నీళ్ళ సీసా లేనిదే గడప దాటను, మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా ఇంటికి ఫోన్ చేస్తాను. ఎండాకాలంలో పదకొండు తరువాత బయట తిరగను.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న తరువాత కూడా, “ఇప్పుడెందుకు నాన్నా ఇవన్నీ” అనే మాట వింటూనే ఉన్నాను. నా ఈడు వారందరూ వింటున్నారు. ప్రేమతో అనే మాటే, కానీ పది మాట్లు విన్న తరువాత పెద్దవారు తమంతట తామే చెప్పులు విప్పి లోపల కూర్చుంటారు. నాతో పనిచేసిన ఒకాయన అలాగే కూర్చున్నాడు. రోజూ ఫోన్‌లో ఈ రోజు ఏమిటి విశేషం అని అడిగితే, ఏముంటుంది అంటాడు. ఆయనకు నడవగలిగే కాళ్ళున్నాయి, బస్సు చార్జీలకు సరిపోయే పింఛనుంది. కొడుకులను, కూతుళ్ళను, కోడళ్ళను నేను వేడుకునేది ఒక్కటే. ఎందుకు అని అడగడం మానేసి, ఎన్ని గంటలకు వస్తారు అని అడగండి. సాయంత్రం వచ్చాక ఏం చూశారో పది నిమిషాలు కూర్చుని వినండి.

అధికారులకు చెప్పవలసినవి రెండే ఉన్నాయి. ఆర్టీసీ బస్సుల్లో 60 ఏళ్ళు దాటిన వారికి 25 శాతం రాయితీ ఉండడం ఎంతో మేలు చేస్తున్నది, కానీ పల్లె బస్సుల మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉంటే ఆ రాయితీ అందుకోవడమే కష్టం. అదనంగా కింద ఒక మెట్టు బిగించడం పెద్ద ఖర్చు కాదని నా అభిప్రాయం. రైళ్ళలో 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన స్త్రీలకు 50 శాతం చొప్పున ఉన్న రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయింది. దానిని కనీసం దగ్గరి ఊళ్ళకు నడిచే బండ్లలోనైనా తిరిగి ఇవ్వడం సాధ్యమేమో ఆలోచించమని కోరుతున్నాను.

ఇక మీ పత్రికకు. పెద్దవారి పేజీలో అరచేతి వెడల్పు జాగా కేటాయించి, ఆ వారం మన జిల్లాలో, చుట్టుపక్కల చూడదగినవి వేయండి. శ్రీహరికోటలో ప్రయోగం ఎప్పుడు, పున్నమి చంద్రుడు ఎన్ని గంటలకు ఉదయిస్తాడు, నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టాయా, సోమశిల నుంచి పెన్నకు నీరు వదిలారా, ఏ ఊరికి ఏ వేళకు బస్సుంది, అది తిరిగి ఎప్పుడు బయలుదేరుతుంది. మీ విలేఖరులకు ఇవన్నీ తెలిసిన విషయాలే. మందుల పేర్లు కత్తిరించి దాచుకునే మా వంటివారు దీన్ని కూడా కత్తిరించి దాచుకుంటాం.

వచ్చే మంగళవారం సీతారామపురం వెళుతున్నాను. వెలికొండల దిగువన ఉన్న ఊరని తెలుసు, అంతకు మించి తెలియదు. ఈసారి నా భార్య కూడా వస్తానంటున్నది. ఉదయం మొదటి బస్సుకు బయలుదేరి, చీకటి పడక ముందే తిరిగి వచ్చే వేళ కనుక్కుని ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా సార్టరు,
మూలాపేట, నెల్లూరు.